బ్యాకప్‌కు రాత్రి దొరకని ఊరు

హోసూరు సిప్‌కాట్ పారిశ్రామికవాడలో ఒక విడిభాగాల కార్ఖానా ఉందనుకుందాం. సీ షిఫ్టు, అంటే రాత్రి షిఫ్టు, నడుస్తోంది. రాత్రి ఒంటిగంట. పెట్టె నిండిన భాగాలకు బార్‌కోడ్ చీటీ తీద్దామని ఆపరేటర్ కంప్యూటర్ దగ్గరికి వచ్చాడు. బటన్ నొక్కాడు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. పగలైతే రెండు సెకన్లలో వచ్చే చీటీ రెండు నిమిషాలైనా రాలేదు. "ఏమినా, సిస్టం మళ్లా నిలబడిపోయిందే!" అని పక్క లైన్‌కు కేకేశాడు. తెల్లారి ఎనిమిదికి ఐటీ మనిషి వచ్చి చూసేసరికి సర్వర్ గుర్రంలా పరుగెడుతోంది.

సర్వర్ అమ్మినవాళ్లు నెట్‌వర్క్‌ను అనుమానిస్తారు. నెట్‌వర్క్‌వాళ్లు సాఫ్ట్‌వేర్‌ వైపు చూపిస్తారు. సాఫ్ట్‌వేర్‌వాళ్లు తిరిగి సర్వర్ మీదికే నెడతారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. ఇలాంటి కేసుల్లో చాలాసార్లు దొరికే సమాధానం ఒకటుంది: అర్ధరాత్రి పన్నెండున్నరకు ఎవరూ పిలవకుండానే నిద్రలేచే బ్యాకప్ సాఫ్ట్‌వేర్. అది చెడిపోలేదు. చెప్పిన పనే చేస్తోంది. కాకపోతే అది పుట్టిన కాలంలో కంప్యూటర్‌కు రాత్రి అనేది ఒకటుండేది. హోసూరులో లేదు. ఈ తేడా అర్థం కావాలంటే బ్యాకప్ జాతకం మొదటినుంచి చూడాలి.

టేపు చుట్టలో పుట్టిన అలవాటు

జర్మనీలో ఫ్రిట్జ్ ఫ్లాయ్‌మర్ అనే ఇంజనీరు 1928లో కాగితపు పట్టీ మీద ఇనుప పొడి పూసి శబ్దాన్ని నిలవచేసే అయస్కాంత టేపు తయారుచేశాడు. 1951లో వచ్చిన యూనివాక్ కంప్యూటర్ లోహపు టేపు మీద అంకెలు రాసింది. మరుసటి ఏడు ఐబీఎం 726 టేపు యంత్రం వచ్చింది. ఒక్కో చుట్టలో పట్టేది సుమారు 20 లక్షల అక్షరాలు. ఇప్పటి సెల్‌ఫోన్‌లో ఒక ఫొటోకు సరిపోతుంది, అంతే. దానికే ఆనాటి ఆఫీసులు మురిసిపోయాయి. 1956లో ఐబీఎం తొలి హార్డ్‌డిస్కును తెచ్చింది. 24 అంగుళాల పళ్లేలు యాభై, మొత్తం 50 లక్షల అక్షరాలు.

డిస్కు ఖరీదు ఎక్కువ, టేపు చవక. అందుకని పనంతా డిస్కు మీద, దాని నకలు టేపు మీద అనే ఆచారం స్థిరపడింది. తిండిగింజలు పాతరలోనూ, విత్తనపు రాగులు విడిగా కుండలోనూ దాచే రైతుకు ఈ ఏర్పాటును ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. సాయంత్రం ఆఫీసు మూసేవారు. కంప్యూటర్‌తో ఎవరికీ పని ఉండేది కాదు. ఆపరేటర్ టేపు ఎక్కించి, డిస్కు మొత్తాన్ని మొదటినుంచి చివరిదాకా చదివించేవాడు. రోజువారీ టేపు కొడుకు, వారపు టేపు తండ్రి, నెల టేపు తాత. వరసలు పెట్టి మరీ ఆ చుట్టలను బీరువాల్లో దాచేవారు. 1979లో యూనిక్స్ ఏడో కూర్పుతో వచ్చిన 'టార్' అనే ఆజ్ఞ పేరులోనే టేపు ఉంది. దాన్ని ఇప్పటికీ రోజూ వాడుతున్నారు.

ఆ పద్ధతి వెనక మాటల్లో చెప్పని ఒప్పందం ఒకటుంది: రాత్రి యంత్రం నాది, పగలు నీది. బ్యాకప్ నడిచే ఆ కొన్ని గంటల్లో ఇంకెవరూ డిస్కును ముట్టుకోరు.

హోసూరు ఆ ఒప్పందానికి కట్టుబడే ఊరు కాదు. బెంగళూరుకు 40 కిలోమీటర్ల దూరంలో, తెలుగు, తమిళం, కన్నడం కలిసే ఈ సరిహద్దులో సిప్‌కాట్ వెలిసింది. 1980 దశకం ముగిసేసరికి అశోక్ లేలాండ్ లారీలు, టీవీఎస్ మోపెడ్లు, టైటాన్ గడియారాలు ఇక్కడినుంచి బయలుదేరుతున్నాయి. పెద్ద కార్ఖానాకు భాగాలు అందించే చిన్న కార్ఖానాలు చుట్టూ వందలుగా లేచాయి. మూడు షిఫ్టులు నడిచేచోట అర్ధరాత్రి కూడా పనివేళే.

కృష్ణగిరి వైపు దిగితే ఇంకో రకం రాత్రి. మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీలు రాత్రింబవళ్లు నడుస్తాయి. లోడు లారీలు తూకం కోసం వేబ్రిడ్జి ముందు నిలబడతాయి. తూకపు చీటీ ఇచ్చే కంప్యూటర్ ఆగితే లారీ ఆగుతుంది. ఆ లారీ వెనక పది ఆగుతాయి.

తలకాయ ఒకటే, పిలిచేవాళ్లు ఇద్దరు

సర్వర్ ఎందుకు నెమ్మదిస్తుందో తెలియడానికి కాస్త లెక్క చాలు. చిన్న సంస్థల్లో ఇప్పటికీ మామూలుగా కనిపించే హార్డ్‌డిస్కు నిమిషానికి 7200 చుట్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు డిస్కును చదివే తలకాయ కిందికి వచ్చేదాకా సగటున అర చుట్టు, అంటే 4 మిల్లీసెకన్లు ఆగాలి. తలకాయ ఆ వరసకు జరగడానికి మరో 8. మొత్తం 12. అటూ ఇటూ గెంతుతూ చదవాలంటే సెకనుకు 83 సార్లకు మించి కుదరదు.

సర్వర్‌లో 20 కిలోబైట్ల చొప్పున పది లక్షల చిన్న ఫైళ్లున్నాయనుకోండి. బిల్లులు, డ్రాయింగులు, స్కాన్ చేసిన కాగితాలు. మొత్తం 20 గిగాబైట్లే. ఒకే వరసలో ఉంటే సెకనుకు 150 మెగాబైట్ల చొప్పున రెండు నిమిషాల పైచిలుకులో చదివేయొచ్చు. అదే చెల్లాచెదురుగా ఉంటే, ఒక్కో ఫైలుకు ఒక్క గెంతు లెక్కేసినా 12,000 సెకన్లు. మూడు గంటల ఇరవై నిమిషాలు! డేటా పెరగకపోయినా బ్యాకప్ ఏడాదికేడాది ఎందుకు సాగుతోందో ఇక్కడ తెలుస్తుంది. ఎన్ని గిగాబైట్లు అన్నదానికంటే ఎన్ని ఫైళ్లు అన్నది ముందు అడగాలి.

ఆ మూడు గంటలూ తలకాయకు ఊపిరాడదు. మధ్యలో మన ఆపరేటర్ చీటీ అడిగాడు. అతని పని చిన్నదే, కానీ వరసలో నిలబడాలి. వరసల గణితానికి దారివేసినవాడు డెన్మార్క్‌కు చెందిన ఎర్లాంగ్. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేస్తూ 1909లో ఫోన్ పిలుపుల రద్దీ మీద లెక్కలు ప్రచురించాడు. ఆ శాస్త్రంలోని అతి సరళమైన సూత్రం ప్రకారం, ఒక పనికి 10 మిల్లీసెకన్లు పట్టే యంత్రం సగం ఖాళీగా ఉంటే జవాబు 20 మిల్లీసెకన్లలో వస్తుంది. 80 శాతం నిండితే 50. 90 శాతానికి 100. 95 శాతానికి 200. నిండే చివరి మెట్లలో ఆలస్యం ఒక్కసారిగా ఎగబాకుతుంది. కృష్ణగిరి టోల్‌గేటు దగ్గర పండగ సాయంత్రం నిలబడ్డవారికి ఈ సూత్రం కాళ్లకు తెలుసు. బండ్లు నిన్నటికన్నా కాస్తే ఎక్కువ, వరస మాత్రం కిలోమీటరు.

డిస్కు ఒక్కటే కాదు, మిగతా చోట్ల కూడా బ్యాకప్ చెయ్యి పడుతుంది. నకలు తీస్తుండగా లెక్కలు మారిపోకుండా 'స్నాప్‌షాట్' అనే ఏర్పాటు ఉంది. విండోస్ సర్వర్లలో అది 2003 నుంచి వాడుకలోకి వచ్చింది. ఒక క్షణాన సర్వర్ ఎలా ఉందో అలాగే బ్యాకప్‌కు చూపిస్తుంది. అందుకు మూల్యం ఉంది. ఆ తర్వాత ఎవరైనా డిస్కులోని ఒక గడిని మార్చబోతే పాత గడిని ముందు చదివి, వేరేచోట రాసి, అప్పుడు కొత్తది రాయాలి. ఒక రాత పోయి మూడు పనులయ్యాయి. నకలును కుదించడానికి ప్రాసెసర్ కావాలి. బ్యాకప్ తెరిచిన ప్రతి ఫైలునూ యాంటీవైరస్ కూడా తెరిచి సోదా చేస్తే పని రెట్టింపు. ఇక జ్ఞాపకం సంగతి. సర్వర్ తరచూ వాడే ఫైళ్లను ర్యామ్‌లో చేతికందేలా ఉంచుకుంటుంది. బ్యాకప్ ఊరందరి ఫైళ్లనూ చదువుతూ వాటిని బయటికి నెట్టేయగలదు. బ్యాకప్ నాలుగింటికే ముగిసినా ఆరింటికి పొద్దుటి షిఫ్టు మొదట్లో సర్వర్ నత్తనడక నడిచిందంటే ఈ కారణాన్ని కూడా అనుమానించాలి.

దొంగను పట్టే పద్ధతి

మొదటి సాక్షి గడియారం. ఎప్పుడెప్పుడు నెమ్మదించిందో సీ షిఫ్టువాళ్లనే ఒక పుస్తకంలో రాయమనండి. వారం రోజుల తర్వాత దాన్ని బ్యాకప్ లాగ్ పక్కన పెట్టండి. రెండు వేళలూ అతికాయా, సగం పని అయినట్టే.

రెండో సాక్షి వరస. నెమ్మదించిన సమయంలోనే సర్వర్‌ను చూడాలి. తెల్లారి చూస్తే ఏమీ కనిపించదు. విండోస్‌లో రిసోర్స్ మానిటర్, లినక్స్‌లో ఐవోస్టాట్ ఆ పనికే ఉన్నాయి. ప్రాసెసర్ ఖాళీగా ఉండి డిస్కు వరస పొడుగ్గా ఉంటే ఎక్కువ ప్రాసెసర్లు కొనడం దండగ. డిస్కు కూడా ఖాళీగా ఉంటే తీగ చూడండి. గిగాబిట్ వేగానికి కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి. ఒక జత తెగితే లింకు వంద మెగాబిట్‌లకు దిగి, ఏమీ జరగనట్టే నడవగలదు. ఒక టెరాబైటు నకలు రెండున్నర గంటల్లో ముగిసేది అప్పుడు 23 గంటలు పడుతుంది. రాత్రి బ్యాకప్ మర్నాటి రాత్రి బ్యాకప్ అంచుదాకా సాగుతుంది.

మూడోది పరీక్ష. ముందు చేత్తో ఒక పూర్తి నకలు తీసి భద్రపరిచి, ఒక్క రాత్రి మాత్రం బ్యాకప్ వేళ మార్చి చూడండి. జబ్బు కూడా దానితోపాటే కదిలితే దొంగ దొరికినట్టే. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో ఎన్నటికీ తెలియదు.

మందులు ఖరీదైనవి కావు. రోజూ మొత్తం చదవకుండా మారినదే పంపడం మొదటిది. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ 1996లో విడుదల చేసిన ఆర్‌సింక్ ఇందులో పేరుమోసింది. ఫైలులో మారిన ముక్కలనే తీగ మీదికి ఎక్కిస్తుంది. పూర్తి నకలు ఆదివారానికి. అన్ని సర్వర్లకూ సరిగ్గా పన్నెండు గంటలకే ముహూర్తం పెట్టకుండా వేళలు విడదీయాలి. బ్యాకప్‌కు వేగ పరిమితి పెట్టి, దాని డిస్కు ప్రాధాన్యాన్ని అడుగుకు దించాలి. అది రెండు గంటలు ఆలస్యంగా ముగిసినా నష్టం లేదు, చీటీ ఆగకూడదు. బ్యాకప్ ప్రోగ్రామ్ వరకే యాంటీవైరస్‌కు మినహాయింపు చెప్పాలి. నకలు అదే డిస్కు మీద రాస్తుంటే వెంటనే మాన్పించాలి. అది వేగానికీ చేటు, భద్రతకూ చేటు. గుజ్జు ఫ్యాక్టరీ అయితే మామిడి కాలానికి ఒక వేళాపట్టిక, మిగతా ఏడాదికి ఇంకొకటి.

ఒక్క మందు మాత్రం వద్దు: బ్యాకప్ ఆపేయడం. 2011 ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేర్ లోపం వల్ల కొందరి జీమెయిల్ పెట్టెలు ఖాళీ అయ్యాయి. వేర్వేరు చోట్ల ఉన్న నకళ్లకూ ఆ లోపం తగిలింది. చివరికి గూగుల్ ఆ ఉత్తరాలను టేపుల నుంచి తెచ్చింది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఉద్యోగి పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. వెతికితే రోజువారీ బ్యాకప్ ఎప్పటినుంచో విఫలమవుతోంది. అదృష్టవశాత్తూ ఆరు గంటల క్రితం తీసిన ఒక స్నాప్‌షాట్ ఆదుకుంది. మొదటి కథలో నకలు కాపాడింది, రెండో కథలో ఉందనుకున్న నకలు లేదు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినా నీళ్లు అందవు. తవ్విన బావిలో నీళ్లున్నాయో లేదో తొంగిచూడకపోయినా అంతే.

కాబట్టి ఈ ఆదివారం ఒక పని చేయండి. మీ బ్యాకప్‌లోంచి పోయిన నెల ఫైలు ఒకటి వెనక్కి తెప్పించండి. తెరుచుకుందో లేదో చూడండి. ఎన్ని నిమిషాలు పట్టిందో, బ్యాకప్ ఏ వేళకు మొదలై ఏ వేళకు ముగుస్తోందో ఒక కాగితం మీద రాసి సర్వర్ గది తలుపుకు అంటించండి. ఈసారి సీ షిఫ్టులో చక్రం తిరుగుతూ నిలబడిపోతే ముందు ఆ కాగితం చూడండి.