ఐదవ గడి

రోగుల యిండ్లలో నుండి పరిచర్య చేయు ‘కేర్‌టేకర్ల’ను గూర్చిన కథనము గురువారము మధ్యాహ్నమునకు చేతికందవలెనని సంపాదకులు సోమవారమునాడు సెలవిచ్చినప్పుడు, ఏజెన్సీవారి కరపత్రములలో మెరయు ‘మీ ఇంటి మనిషిలా’ అను మాటపై నాకు చిరకాలముగా నున్న అనుమానమునే మూలధనముగా గొని బయలుదేరితిని. కథనమునకు ప్రాణమైనది మాత్రము విశాఖపట్నపు గాజువాకలో నొక మంచముప్రక్కన, మందుల డబ్బాపై నుండిన రూళ్ల నోటుపుస్తకము.

దానిని వారు ‘డ్యూటీ బుక్కు’ అందురు. స్కేలుతో గీసిన గళ్లు ఐదు: సమయము, బీపీ, షుగరు, మందులు-ఆహారము, ‘ఇతరములు’. మొదటి నాలుగింటి నిండ అంకెలే. ఏజెన్సీవారు గాని, హైదరాబాదునుండి ఫోటో తెప్పించుకొను కుమారుడు గాని చూచునవి యవియే. శ్రీకాకుళము వైపునుండి వచ్చిన యా పరిచారిక ఐదవ గడిలో వ్రాయుదానిని చదువువారు లేరు కాబోలు, అందుచేతనే యది యంత స్వేచ్ఛగా నున్నది.

‘‘4.50. తాతగారు ఏ షిఫ్టుకి లేచారు. హెల్మెట్ అడిగారు.’’

పక్షవాతముతోపాటు మతిమరపు కూడ దాపురించిన యా వృద్ధుడు ఉక్కు కర్మాగారమున పనిచేసి విరమించినవాడు. అచట ఉదయము 6 గంటలకు ‘ఏ’, మధ్యాహ్నము 2కు ‘బి’, రాత్రి 10కి ‘సి’ షిఫ్టులు మొదలగును. కుడిప్రక్క చలనము పోయినను ఆయనలోని యా గడియారము పోలేదు. తొలివారములో ఆమె, ‘‘రిటైరైపోయారని చెప్పాను. ఏడ్చారు’’ అని వ్రాసినది. పది దినముల పిమ్మట: ‘‘ఈ రోజు మీకు వీక్లీ ఆఫ్ అన్నాను. టీ తాగి పడుకున్నారు.’’ ఏ శిక్షణాకేంద్రమును ఈ యుపాయమును నేర్పియుండదు. ఆయనకట్లు దొరకిన సెలవులను లెక్కింప మొదలిడి, గడువు గుర్తుకు వచ్చి మానితిని.

రాత్రి గళ్లను మాత్రము వరుసగా చదివితిని: 10కి ఎడమప్రక్కకు, 12కు వెల్లకిల, 2కు కుడిప్రక్కకు, 4కు మరల ఎడమకు, 4.50కి హెల్మెట్టు. ఆమెది 24 గంటల డ్యూటీ. నిద్ర యెప్పుడని యడిగితిని.

‘‘తాతగారు తొంగున్నప్పుడేనండి.’’

చరిత్రకు స్థలము తక్కువ. 1923లో కింగ్ జార్జి ఆసుపత్రి, 1933లో ఓడరేవు, 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికంకితమైన ఉక్కు కర్మాగారము: పనికొరకు ఊరు విడిచి వచ్చినవారి నగరమిది. వారు ముదిమి చెందునప్పటికి బిడ్డలును అట్లే ఊరు విడిచిరి. ఖాళీపడిన గదులలోనికి ఉత్తరాంధ్ర పల్లెల స్త్రీలు, వారును పనికొరకే, వచ్చిరి.

బాక్సు: మిగిలిన ముక్కలు
కదలలేని రోగిని రెండేసి గంటలకు ప్రక్క మార్చుట పడకపుండ్లు రాకుండుటకు. ముక్కుగొట్టముతో ఆహారమిచ్చునపుడు తలవైపు ఎత్తియుంచుట అది ఊపిరితిత్తులలోనికి పోకుండుటకు. ఇండ్లలో పనిచేయువారికి వారమునకు వరుసగా 24 గంటల విశ్రాంతి యుండవలెనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011నాటి 189వ ఒడంబడికలో చెప్పినది. భారతదేశము దానిని ధ్రువీకరింపలేదు.

‘‘మరి మీకో, వీక్లీ ఆఫ్?’’ అంటిని.

‘‘బదులు మనిషిని పంపితే ఉంటాదండి’’ అన్నది.

పుస్తకమును మొదటినుండి మరల త్రిప్పిచూచితిని. మూడు నెలల పేజీలలో వేరొకరి చేతివ్రాత రెండు దినములే కనబడినది. ఆ రెండు దినములును నాలుగు గళ్లు సక్రమముగా నిండియున్నవి. ఐదవ గడి ఖాళీ.