స్తంభంలో ఇరుక్కున్న తెరచాప



తెరచాప సంగతి ఆడవాళ్ళకెందుకని నవ్వేవాళ్ళు ఉండవచ్చు. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయలుదేరి, 254 రోజుల్లో భూగోళాన్ని చుట్టి, 2018 మే నెలలో మళ్ళీ గోవా చేరిన ‘తారిణి’ మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తెరచాప నౌకను నడిపిన ఆరుగురూ మన నౌకాదళంలోని స్త్రీలే. వారిలో స్వాతి విశాఖపట్నం అమ్మాయి, ఐశ్వర్య హైదరాబాదు అమ్మాయి. కనుక నవ్వేవాళ్ళని నవ్వనిచ్చి మన పని మనం చూసుకుందాం.

ఈవేళ చెప్పబోయేది అంత పెద్ద యాత్ర గురించి కాదు. గ్రీసు, క్రొయేషియా తీరాల్లో తెరచాప పడవలను వారానికింతని అద్దెకిస్తారు. భార్యాభర్తలిద్దరే పిల్లల్ని వెంటబెట్టుకుని దీవి నుంచి దీవికి తిరుగుతూ ఉంటారు. విదేశంలో ఉన్న మీ అమ్మాయో, కోడలో రేపు అటువంటి పడవ ఎక్కవచ్చు. అల్లుడుగారు చుక్కాని పట్టుకుంటే, తాళ్ళు లాగే పని సాధారణంగా ఈవిడ మీదే పడుతుంది. అందుకే ఈ మాటలు.

ముందు ఆ ఏర్పాటేమిటో చెబుతాను. పడవలో నిలువుగా ఒక స్తంభం ఉంటుంది. దాని నుంచి వెనక్కి, మనిషి తలకి కాస్త పైగా చాచి ఉండే అడ్డకర్రని బూమ్ అంటారు. పాత పద్ధతిలో తెరచాపను తాడుతో స్తంభం మీదికి ఎగలాగుతారు. దించాలంటే తాడు వదిలితే చాలు, తన బరువుకి తనే జారి బూమ్ మీద కుప్పగా పడుతుంది. కాని ఆ కుప్పను సర్ది కట్టటానికి ఎవరో ఒకరు ఊగే పడవలో స్తంభం దాకా వెళ్ళాలి. ఇద్దరే ఉన్న పడవలో ఒకరు కాలు జారి నీళ్ళలో పడితే రెండోవారి పరిస్థితి ఊహించుకోండి.

ఈ చిక్కు తప్పించటానికి తెరచాపను స్తంభం లోపలే చుట్టేసే ఉపాయం వచ్చింది. 1970లలో అమెరికాలో టెడ్ హుడ్ అనే తెరచాపల తయారీదారు ‘స్టోవే’ అనే పేరుతో ఇటువంటి స్తంభాలను తెచ్చాడు. ఇప్పుడు ఎన్నో కంపెనీలు చేస్తున్నాయి. స్తంభం బోలుగా ఉంటుంది. లోపల కింది నుంచి పై దాకా ఒక కడ్డీ, దానికి తెరచాప ముందంచు తగిలించి ఉంటుంది. స్తంభం వెనకవైపు పొడుగునా సన్నని చీలిక. కడ్డీ తిరిగితే గుడ్డ చీలికలోంచి లోపలికి వెళ్ళి, చాప చుట్టినట్టు చుట్టుకుంటుంది. బయటికి కావాలంటే తెరచాప వెనక మూలకి కట్టిన తాడు లాగాలి. చుట్టే తాడూ, లాగే తాడూ రెండూ చుక్కాని దగ్గరికే వస్తాయి. కూర్చున్నచోటి నుంచి కదలనక్కరలేదు. గాలి ఎక్కువైతే కొంత చుట్టేసి, తగ్గితే కొంత వదలవచ్చు.

ఇంత సుఖమైన ఏర్పాటుకి ఒక్కటే జబ్బు. గుడ్డ చీలికలో ఇరుక్కుంటుంది. సగం బయట, సగం లోపల! ఇక్కడే ఉంది అసలు ప్రమాదం. పాత పద్ధతి తెరచాపలా దీన్ని కిందికి జార్చెయ్యటానికి వీల్లేదు. లోపల చుట్ట ఉన్నంతసేపూ అది దిగదు. పూర్తిగా బయటికి వచ్చాకే దించగలం. గ్రీసు దగ్గర ఏజియన్ సముద్రంలో వేసవిలో మెల్టెమి అనే గాలి వీస్తుంది. మబ్బు తునకైనా ఉండదు, ఆకాశం నిర్మలంగా ఉంటుంది, గాలి మాత్రం చూస్తుండగానే ఉధృతమవుతుంది. అటువంటప్పుడు తగ్గించటానికి వీల్లేని తెరచాప పైన ఉంటే పడవ పక్కకి ఒరిగిపోతుంది, చుక్కాని మాట వినదు.

ఇంతకీ ఎందుకు ఇరుక్కుంటుంది? పెద్ద రహస్యమేం లేదు. తడి చాపని వదులుగా చుట్టి చూడండి. మధ్యలో ముడతలు పడి, చుట్ట లావై, ఒక చివర బయటికి పొడుచుకొస్తుంది. తెరచాపా అంతే. రేవు చేరే తొందరలో చుట్టే తాడుని బరబరా లాగేసి, వెనక మూల తాడుని గాలికి వదిలేస్తే లోపల వదులు చుట్ట పడుతుంది. మర్నాడు బయటికి లాగినప్పుడు ఒక ముడత రెండు పొరలుగా మడతపడి సన్నని చీలికలో తగులుకుంటుంది. ఇరుక్కోవటం ఇవాళ కనపడుతుంది గాని, దానికి బీజం నిన్న సాయంత్రం చుట్టినప్పుడే పడిందన్నమాట. మగ్గం మీద నేసిన బట్టను కర్రకి చుట్టేటప్పుడు నేతగాడు బిగువు సడలనిస్తాడా? అలాగే ఒకరు చుట్టే తాడు లాగుతుంటే, రెండోవారు వెనక మూల తాడుని పూర్తిగా వదలకుండా కొద్దికొద్దిగా జారనివ్వాలి.

బూమ్ ఎత్తు కూడా ముఖ్యమే. చివర మరీ కిందికి వాలితే తెరచాప వెనకంచు బిగుసుకుని కిందంచు వదులవుతుంది. మరీ పైకి లేస్తే దీనికి తలకిందులు. ఎంత ఎత్తులో ఉంటే చుట్ట సమంగా పడుతుందో చూసి అక్కడ రంగు టేపుతో గుర్తు పెట్టుకునే వాళ్ళున్నారు. మంచి అలవాటు. స్తంభాన్ని వెనక్కి వంచి పట్టే తాడు బిగువుగా ఉంటే లోపలి కడ్డీ ఒరుసుకుంటుంది కనుక, చుట్టే ముందు దాన్ని కాస్త సడలించాలి. ఇక గుడ్డ పాతబడి సాగి సంచిలా వేలాడుతుంటే ఎంత నేర్పుగా చుట్టినా చుట్ట లావుగానే వస్తుంది. దానికి మందు కొత్త తెరచాపే.

సరే, ఇరుక్కుంది. ఇప్పుడేం చెయ్యాలి?

మొట్టమొదట, లాగటం ఆపాలి. జిప్పులో గుడ్డ పడితే మనమేం చేస్తాం? ముందుకి గుంజితే చిరుగుతుందని తెలుసు గనక, వెనక్కి ఒక్క అంగుళం తెచ్చి గుడ్డని వేలితో సర్ది మళ్ళీ లాగుతాం. ఇక్కడా అంతే. మీట నొక్కితే తిరిగే కరెంటు వించి ఉన్న పడవల్లో మరీ జాగ్రత్త. దానికి బలం ఉంది గాని తెలివి లేదు. గుడ్డ చిరిగేదాకా, లేదా తాడు తెగేదాకా లాగుతూనే ఉంటుంది.

తర్వాత పడవ ముక్కుని గాలికి దాదాపు ఎదురుగా, కాస్త ఓరగా తిప్పి, ఇంజను నెమ్మదిగా నడుపుతూ నిలపాలి. బూమ్‌ని పట్టి ఉంచే తాళ్ళు సడలిస్తే తెరచాపలో గాలి పోయి, బరువు తగ్గుతుంది. అప్పుడు తలెత్తి ముడత ఎక్కడుందో చూడండి. చూడకుండా లాగేవాళ్ళే ఎక్కువ. వెనక మూల తాడుని కదలకుండా బిగించి, చుట్టే తాడుని గట్టిగా లాగితే లోపలి వదులు చుట్ట బిగుసుకుని సన్నబడుతుంది. అప్పుడు చుట్టే తాడు వదిలి గుడ్డను జానెడు బయటికి లాగండి. మళ్ళీ లోపలికి, మళ్ళీ బయటికి. నాలుగైదుసార్లు ఇలా చేస్తే చాలా ముడతలు వదిలిపోతాయి. వదలకపోతే బూమ్ చివరను కాస్త పైకో కిందికో మార్చి చూడాలి. తెరచాపను ఎగలాగిన తాడుని కొద్దిగా సడలిస్తే కూడా ఒక్కోసారి ముడత జారిపోతుంది. గాలి రెండో పక్క నుంచి తగిలేలా పడవ తిప్పటం మరో ఉపాయం. చీలిక అంచుకి గుడ్డ ఒరుసుకునే పక్క మారుతుంది.

ముడత చేతికందే ఎత్తులో ఉంటే ఒకరు స్తంభం దగ్గరికి వెళ్ళి గుడ్డని చేత్తో వెనక్కి, కిందికి లాగవచ్చు. వెళ్ళేవారు లైఫ్ జాకెట్ వేసుకుని, తాడు తగిలించుకోవాలి. గాజులు, ఉంగరాలు తీసెయ్యాలి. చేతులు చీలిక దగ్గర ఉన్నంతసేపూ రెండోవారు ఏ తాడూ ముట్టుకోకూడదు. వేళ్ళు నలిగిపోతాయి. ‘లాగండి’ అనే మాట స్తంభం దగ్గరున్న వారే చెప్పాలి. గాలిలో మాట వినపడదు గనక చేతి సైగలు ముందే అనుకోవటం మేలు. భర్తగారు చుక్కాని దగ్గర నుంచి కేకలు వేస్తుంటే ఏ పనీ సాగదు, ఇది ఒక్క పడవకే చెందిన మాట కాదు లెండి!

ఏం చేసినా రాలేదనుకోండి. గాలి పెరుగుతోంది. అప్పుడు ఇంజను సాయంతో దీవి చాటుకి, ఆ గాలి తగలని చోటికి పోవటమే పని. బయట ఉన్న గుడ్డని, ఖాళీగా ఉన్న మరో తాడు పై నుంచి తెచ్చి స్తంభం చుట్టూ మెలికలుగా చుట్టి బిగిస్తే గాలి పట్టే భాగం తగ్గుతుంది. ప్రాణం మీదికి వస్తే కత్తితో కోసెయ్యాలి. తెరచాప ఖరీదు చూసి చెయ్యి వెనకాడకూడదు సుమా. స్తంభం పైకి ఎక్కటం మాత్రం రేవులో, నీళ్ళు కదలనప్పుడు చేసే పని.

నన్నడిగితే, దూరసముద్రాలకి వెళ్ళే పడవకి కిందికి జారిపోయే పాత తెరచాపే నయమంటాను. ఒడ్డు కనపడే దూరంలో తిరిగే ఇద్దరికి మాత్రం ఈ చుట్టుడు స్తంభం నిజంగా ఉపకారమే.

పడవ అద్దెకి తీసుకున్నవారు కాగితం మీద సంతకం పెట్టే ముందు, రేవులోనే, గాలి లేని ఉదయం పూట, తెరచాపని చివరి దాకా బయటికి లాగించి చూడాలి. అంచులు చిరిగాయా, గుడ్డ సంచిలా సాగిందా అని చూసి, బూమ్ ఎంత ఎత్తులో ఉండాలి, గాలి ఏ పక్క నుంచి తగిలితే సాఫీగా చుట్టుకుంటుంది అని ఆ పడవ మనిషినే అడగాలి. తర్వాత ఆయన్ని పక్కన నిలబెట్టుకుని మళ్ళీ లోపలికి చుట్టాలి. ఒకసారి భర్త చుట్టి, రెండోసారి భార్య చుట్టాలి.