అమ్మ మందుల సంచీ

2023 జూన్ 7వ తేదీ న్యూజెర్సీ, న్యూయార్కు ప్రాంతాల్లో ఉన్న మనవాళ్ళెవరూ మరచిపోయి ఉండరు. కెనడాలో క్విబెక్ అడవులు తగలబడి, ఆ పొగ వందల మైళ్ళు దాటి మన నెత్తిమీదికి వచ్చింది. పట్టపగలు ఆకాశం నారింజ రంగుకి తిరిగింది. న్యూయార్కులో గాలి నాణ్యత సూచిక 400 దాటింది. ఆ సూచిక 50 లోపు ఉంటే మంచి గాలి. 100 దాటితే పిల్లలకు, వృద్ధులకు, ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారికి ముప్పు. 150 దాటితే అందరికీ ఇబ్బందే. 300 పైన అత్యంత ప్రమాదకరం.

అప్పుడు మా అమ్మ గుంటూరు నుంచి వచ్చి మా ఇంట్లో ఉంది. ఆవిడకి ఎప్పటినుంచో కొద్దిపాటి ఉబ్బసం. నెల రోజులుగా దగ్గుతూంటే ప్రయాణం బడలిక, నీళ్ళ మార్పు అనుకున్నాం. ఆ సాయంత్రం ఆయాసం పట్టుకుంది. ఇన్‌హేలరు పీల్చాక కాస్త సర్దుకుంది. నేను వృత్తిరీత్యా ఎముకల డాక్టరుని. ఊపిరితిత్తుల సంగతి తెలిసిన మిత్రుడికి ఫోను చేస్తే, కొత్త ఇన్‌హేలరు ఒకటి రాసి ఫార్మసీకి పంపించాడు. మర్నాడు మా ఆవిడ, "ఎటూ వెళ్తున్నాం, అత్తయ్యగారి మందులన్నీ పట్టుకెళ్దాం" అని సంచీతో సహా బయలుదేరదీసింది.

కౌంటరు వెనుక ఉన్న ఫార్మసిస్టు అమ్మాయి పది నిమిషాలు ఓపిగ్గా ఆ సంచీ అంతా చూసి, మూడు విషయాలు చెప్పింది.

ఒకటి: ఇండియాలో సాల్‌బ్యుటమాల్ అనేదీ, ఇక్కడ ఆల్‌బ్యుటరాల్ అనేదీ ఒకే మందు. పేర్లు వేరు కదా అని రెండూ వాడితే మోతాదు రెట్టింపవుతుంది.

రెండు: అమ్మ దగ్గరున్న మరో ఇన్‌హేలరు స్టెరాయిడ్‌ది. అది ఆయాసం వచ్చాక వాడేది కాదు, రాకుండా రోజూ వాడేది. అలవాటైపోతుందన్న భయంతో అమ్మ దాన్ని ఎప్పుడో గాని తీయడం లేదు. పొగ వచ్చిన రోజున మొదలుపెడితే అది వెంటనే పనిచెయ్యదు.

మూడోది విని నాకు సిగ్గేసింది. అమ్మ ప్రయాణానికి ముందు గ్లకోమాకి కంటిచుక్కలు మొదలుపెట్టింది. అవి టిమొలాల్ చుక్కలు. కంట్లో వేసినా కొంత రక్తంలో కలిసి, ఉబ్బసం ఉన్నవారికి శ్వాసనాళాలు బిగుసుకునేలా చేస్తాయి. దగ్గుకి మూలం నీళ్ళలో లేదు, ఆ సీసాలో ఉంది! పొగ దానికి తోడైందంతే. "మీరే మానెయ్యకండి, కంటి డాక్టరుని అడిగి మార్పించండి" అంది. ఆ రాత్రే గుంటూరు ఫోను చేసి మార్పించాం. రెండు వారాల్లో దగ్గు తగ్గింది.

గాలిలోని సన్నని కణాలు తల వెంట్రుకలో ముప్పయ్యో వంతు కూడా ఉండవు. ఊపిరితిత్తుల లోతుకి వెళ్ళి, రక్తంలోకీ చేరి, గుండెకీ చేటు చేస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన వాయు కాలుష్యం వల్ల ఏటా 70 లక్షల అకాల మరణాలు. కార్చిచ్చులను మనం ఆపలేం. మందులు సరిగా ఉన్నాయో లేదో మాత్రం ముందే చూసుకోగలం. అపాయింటుమెంటు లేకుండా, ఫీజు లేకుండా అది అడగగలిగిన మనిషి ఫార్మసిస్టే. ఇన్‌హేలరు పీల్చే పద్ధతి సరిచేస్తారు. గుడ్డ మాస్కు ఈ కణాలను సరిగా ఆపలేదని, ముఖానికి బిగుతుగా పట్టే ఎన్-95 కావాలని చెబుతారు. రక్తపోటు ఉన్నవారికి ఏ జలుబు మాత్ర పడదో చెబుతారు.

పొగ రోజుల్లో ఇంట్లో అగరుబత్తీలు, వేపుళ్ళు మానండి. మాట పూర్తిచేయలేనంత ఆయాసం, ఛాతీనొప్పి, పెదవులు నీలంగా మారడం కనిపిస్తే మాత్రం ఫార్మసీకి కాదు, 911కి ఫోను చెయ్యండి.

మన సంఘంలో ఫార్మసిస్టులకు కొదవ లేదు. వచ్చే వేసవి పిక్నిక్కులో వారికొక బల్ల వేద్దాం. అమ్మానాన్నల మందుల సంచీలు పట్టుకురండి. మొదటి సంచీ మాదే.