అంకెల లేఖలు

అంకెల పట్టికను చూచినంతనే దాని భావము అందరికిని బోధపడదు. అంకెలను గీతలుగా, రంగులుగా మార్చి చూపినచో కన్ను సులభముగా గ్రహించును. నీటిలో దిగక ఈత రానట్లే, చేతితో గీయక ఈ విద్య అలవడదు.

జార్జియా లూపి న్యూయార్కులో నివసించుచున్న ఇటలీ వనిత. స్టెఫనీ పోసవెక్ లండనులో నివసించుచున్న అమెరికా వనిత. వారు అంతకు ముందు కలిసికొన్నది రెండు మారులే. 2014లో వారొక నియమము చేసికొనిరి. వారమునకొక విషయము నెన్నుకొని, తమ దినచర్యలో దానిని లెక్కించి, పోస్టుకార్డుపై చిత్రించి, ఒకరికొకరు పంపుకొనవలెను. మొదటి వారము, తాము కాలము నెన్ని మారులు చూచుకొనిరో లెక్కించిరి. కార్డునకు ఒక వైపున చిత్రముండెడిది. రెండవ వైపున ఏ గుర్తునకు ఏది అర్థమో వివరించెడివారు.

చిత్రము తెలియకున్నచో ప్రక్కన నిలిచి చెప్పుటకు గీసినవారు సముద్రమునకు ఆవల నుండిరి. కావున ఏది లెక్కింపవలెను, ఏది విడువవలెను, ఏ గుర్తు స్పష్టముగా నుండును అని వారు ప్రతి వారమును ఆలోచింపవలసి వచ్చెను. ఇట్లు 52 వారములు గడచెను. పరిచయము స్నేహముగా మారెను. 2016లో న్యూయార్కులోని ఆధునిక కళా మ్యూజియము ఆ కార్డులను సేకరించెను.

ఈ సాధనకు కాగితము, రంగు పెన్సిళ్లు, విడువని నియమము చాలును. విద్యార్థులు తమ యింట దినమునకెన్ని బిందెల నీరు వాడుదురో వారము దినములు లెక్కించి, గీసి చూడవచ్చును.