పాతబస్తీ సందులకు 5జి: బహిరంగ ప్రమాణాల వెనుక దేశాల పోటీ
(ప్రత్యేక వ్యాసం)

హైదరాబాద్: ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ 2022 అక్టోబరు 1వ తేదీన న్యూఢిల్లీలో 5జి సేవలను ప్రారంభించినపుడు, తొలి విడతకు ఎంపికైన 13 నగరాలలో హైదరాబాద్ ఒకటి. అయితే విశాలమైన రహదారులు గల కొత్త నగరానికి, చార్మినార్ పరిసరాలకు నడుమ సాంకేతికంగా గణనీయమైన వ్యత్యాసమున్నది. 5జికి ప్రధానంగా వినియోగిస్తున్న 3.3 గిగాహెర్ట్జ్ శ్రేణి తరంగాలు మందపాటి గోడలను దాటుటలో బలహీనమైనవి. పత్తర్‌గట్టీ రాతి కట్టడాలు, లాడ్‌బజార్ ఇరుకు దుకాణాలు వాటికి సహజమైన అడ్డంకులు. 1591లో నిర్మితమైన చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడము. 2010లో సవరించిన చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణాలు నిషిద్ధం. ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అందువలన ఇచ్చట ఎత్తైన టవర్లకు బదులు, ఇప్పటికే ఉన్న భవనాలను, స్తంభాలను ఆసరా చేసుకొని, అనుమతులకు లోబడి, చిన్న చిన్న రేడియో పెట్టెలను అధిక సంఖ్యలో అమర్చుట తప్పనిసరి అగుచున్నది.

ఇట్టి పెట్టె ఒకటి చెడిపోయినపుడు దాని స్థానంలో మరొక కంపెనీ పెట్టెను అమర్చవచ్చునా? ఈ ప్రశ్న చిన్నదిగా కనిపించవచ్చును. గడచిన దశాబ్ద కాలంలో అమెరికా, చైనా, ఐరోపా, భారతదేశాల నడుమ సాగిన పోటీలో గణనీయమైన భాగం ఈ ప్రశ్న చుట్టూనే తిరిగినది. పత్రికా ప్రతినిధులకు, టెండరు పత్రాలను పరిశీలించే అధికారులకు ఉపయుక్తముగా ఉండగలదని ఈ వివరములు అందజేయడమైనది.

ప్రమాణము అంటే ఏమిటో తెలుసుకొనుటకు పాతబస్తీ వాసులు దూరం వెళ్లనవసరం లేదు. నిజాం రాజ్యంలో 1874లో వాడి నుండి సికింద్రాబాద్‌కు వచ్చిన రైలు మార్గం బ్రాడ్‌గేజ్. అటు తరువాత వేసిన మార్గాలలో పలు మీటర్‌గేజ్‌వి. కాచిగూడ నుండి దబీర్‌పుర, యాకుత్‌పుర మీదుగా ఫలక్‌నుమా వైపు సాగే మార్గం కూడా మీటర్‌గేజే. రెండు గేజ్‌లు కలిసే చోట సరకును ఒక బండి నుండి దింపి మరొక బండిలోనికి ఎక్కించవలసి వచ్చేది. పట్టాల నడుమ దూరం మాత్రమే తేడా. ఆ తేడాకు అయిన కూలి ఖర్చు దశాబ్దాల పాటు వర్తకులు భరించారు. 1990లలో ఆ మార్గం బ్రాడ్‌గేజ్‌కు మారినది. నేడు ఎంఎంటిఎస్ రైళ్లు దానిపై నడుచుచున్నవి.

మొబైల్ రంగంలోను ఇదే అనుభవం మన రాష్ట్రానికి కలదు. నాటి ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లోనే టాటా టెలీసర్వీసెస్ సంస్థ తన సిడిఎంఎ మొబైల్ సేవలను మొదట ప్రవేశపెట్టినది. రిలయన్స్ ఇన్ఫోకామ్ 2003లో రూ.501 చెల్లింపుతో చేతికి ఫోను అందించిన పథకం చాలామందికి గుర్తుండే ఉంటుంది. జిఎస్‌ఎం ఐరోపాలో రూపొందిన ప్రమాణం. సిడిఎంఎకు పునాది అమెరికాకు చెందిన క్వాల్‌కామ్ సంస్థ పేటెంట్లు. ధర విషయంలో సిడిఎంఎ వినియోగదారునికి లాభమే చేకూర్చినది. కాని నాటి సిడిఎంఎ ఫోనులలో సాధారణంగా విడిగా సిమ్ కార్డు ఉండేది కాదు. కనెక్షను ఫోనుకే ముడిపడి ఉండేది. కంపెనీ మారదలచినవారు ఫోనునే మార్చవలసి వచ్చేది. 2010 దశకం ముగిసేసరికి దేశంలో ఆ సేవలు నిలిచిపోయినవి. చేతిలోని పరికరం పాడుకాకుండానే పనికిరానిదగుట అంటే ఏమిటో అప్పుడు సామాన్యునికి అనుభవంలోకి వచ్చినది.

ఇక్కడ మూడు పదాలను వేరుచేసి చూడవలసిన అవసరమున్నది. పత్రికా వార్తలలోనే కాక, అధికారిక పత్రాలలో సైతం ఇవి తరచు కలగలిసిపోవుచున్నవి.

మొదటిది బహిరంగ ప్రమాణం. 1998 డిసెంబరులో ఏర్పడిన త్రీజీపీపీ అనే అంతర్జాతీయ వేదికపై ఐరోపా, అమెరికా, చైనా, జపాన్, దక్షిణ కొరియా, భారతదేశాల ప్రమాణ సంస్థలు కలిసి సాంకేతిక నిబంధనలను వ్రాయుచున్నవి. అవి ఎవరైనను చదువుకొనుటకు అందుబాటులో ఉన్నవి. చదువుట ఉచితమే గాని, వాడుట ఉచితం కాదు. ప్రమాణంలో ఇమిడియున్న పేటెంట్లకు రుసుము చెల్లించవలసి ఉంటుంది. ఆ రుసుము న్యాయమైన, సమంజసమైన, వివక్షలేని షరతులపై ఉండవలెనన్నది నియమం. అమలులో ఆ ‘సమంజసం’ ఎంత అన్నదానిపై న్యాయస్థానాలలో వివాదాలు నడుచుట సర్వసాధారణం. ప్రమాణంలో ఎవరి పేటెంటు చేరినదో వారికి ప్రతి ఫోను అమ్మకంపైనా రాబడి ఉండునన్న మాట. దేశాల పోటీకి మూలకారణాలలో ఇది ఒకటి.

రెండవది బహిరంగ రేడియో వ్యవస్థ, వాడుకలో ఓపెన్ రాన్. త్రీజీపీపీ ప్రమాణం ఫోనుకు, టవరుకు మధ్య సంభాషణను, టవరుకు, నెట్‌వర్కు కేంద్ర భాగానికి మధ్య సంభాషణను నిర్దేశించినది. కాని టవరు వద్దనున్న రేడియో పెట్టెకు, సంకేతాలను విశ్లేషించే కంప్యూటరుకు మధ్య తీగలో ఏమి ప్రవహించవలెనో ఆయా కంపెనీలే తమ పద్ధతిలో నిర్ణయించుకొన్నవి. ఫలితంగా ఒక కంపెనీ రేడియో కొన్నవారు కంప్యూటరు కూడా అదే కంపెనీ వద్ద కొనవలసి వచ్చినది. పాతబస్తీ వంటి చోట వందలాది పెట్టెలు అమర్చినపుడు ఈ కట్టుబాటు ఎంత భారమగునో ఊహించవచ్చును. ఈ అంతర్గత సంధానాన్ని కూడా బహిరంగపరచుటకు 2018 ఫిబ్రవరిలో ఓ-రాన్ అలయన్స్ ఏర్పడినది.

మూడవది ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరు, అనగా మూల సంకేతాలు అందరికీ లభించే సాఫ్ట్‌వేరు. పై రెంటికీ దీనితో నేరుగా సంబంధం లేదు.

ఓపెన్ రాన్ అనగానే అది చైనా కంపెనీలకు వ్యతిరేకంగా పుట్టినదని వ్రాయుట అలవాటైనది. ఇది సరికాదు. ఓ-రాన్ అలయన్స్ వ్యవస్థాపకులైన ఐదు సంస్థలలో అమెరికాకు చెందిన ఏటీ అండ్ టీ, జర్మనీకి చెందిన డాయిష్ టెలికామ్, జపాన్‌కు చెందిన ఎన్‌టీటీ డొకొమో, ఫ్రాన్స్‌కు చెందిన ఆరెంజ్‌లతో పాటు చైనా మొబైల్ కూడా ఉన్నది. రాజకీయ అర్థం తరువాత వచ్చి చేరినది. 2018 ఆగస్టులో ఆస్ట్రేలియా తన 5జి నుండి హువావే, జెడ్‌టీఈ సంస్థలను మినహాయించినది. 2019 మేలో అమెరికా హువావేపై వాణిజ్య ఆంక్షలు విధించినది. 2027 చివరి నాటికి హువావే పరికరాలను 5జి నెట్‌వర్కుల నుండి తొలగించవలెనని బ్రిటన్ 2020 జూలైలో నిర్ణయించినది. పెద్ద సరఫరాదారు ఒకరు తప్పుకొనగా, మిగిలిన కొద్దిమందిపైనే ఆధారపడవలసి వచ్చునని అనేక ప్రభుత్వాలు గుర్తించి, అప్పుడు ఓపెన్ రాన్ వైపు చూసినవి.

భారతదేశం అనుసరించిన మార్గం కొంత భిన్నం. ఏ దేశం పేరునూ ప్రస్తావించకుండా, 2020 డిసెంబరులో భద్రతా వ్యవహారాల మంత్రివర్గ సంఘం టెలికాం రంగ జాతీయ భద్రతా నిర్దేశాన్ని ఆమోదించినది. 2021 జూన్ 15 నుండి నెట్‌వర్కులలో కొత్తగా అమర్చే పరికరాలు విశ్వసనీయ వనరుల నుండి మాత్రమే కొనుగోలు చేయవలెను. అంతకు ముందు మే నెలలో అనుమతించిన 5జి ప్రయోగాల జాబితాలో ఎరిక్‌సన్, నోకియా, శాంసంగ్, సి-డాట్‌లతో పాటు రిలయన్స్ జియో సొంత పరిజ్ఞానం ఉన్నవి. చైనా సంస్థలు లేవు.

ఈ పోటీలో హైదరాబాద్ ప్రేక్షకపాత్రకే పరిమితం కాలేదన్నది ప్రత్యేకంగా పేర్కొనదగిన అంశం. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో ప్రొఫెసర్ కిరణ్ కూచి బృందం, చెన్నైలోని సీవిట్, ఐఐటీ మద్రాసు పరిశోధకులతో పాటు, తక్కువ విద్యుత్తుతో ఫోను సంకేతం ఎక్కువ దూరం చేరే విధానంపై కృషి చేసినది. పాశ్చాత్య దేశాల లెక్కలలో గ్రామీణ టవర్ల మధ్య దూరం తక్కువ. మన గ్రామాలలో జనం ఒకచోట, పొలాలు దూరదూరంగా ఉంటాయి. టవర్ల మధ్య 6 కిలోమీటర్ల దూరమున్నను సేవ అందవలెనన్న భారత ప్రతిపాదనను అంతర్జాతీయ టెలీకమ్యూనికేషన్ సంఘం 5జి పరీక్షా నియమాలలో చేర్చినది.

ఈ కృషి ఆధారంగా భారత ప్రమాణ సంస్థ టీఎస్‌డీఎస్‌ఐ ‘5జిఐ’ పేరుతో ప్రత్యేక ప్రమాణాన్ని రూపొందించగా, 2021 ఫిబ్రవరిలో దానికి అంతర్జాతీయ గుర్తింపు లభించినది. దేశమంతటా గర్వించిన సందర్భమది. అయితే ప్రత్యేక ప్రమాణానికి ప్రత్యేక చిప్పులు కావలెను, ఫోను ధర పెరుగునని ఆపరేటర్లు అభ్యంతరం తెలిపినారు. 2021 డిసెంబరులో 5జిఐలోని ప్రధానాంశాలను త్రీజీపీపీ ఉమ్మడి ప్రమాణంలో, 2022లో ఖరారైన రిలీజ్ 17లో విలీనం చేయుటకు అంగీకారం కుదిరినది. దీనిని వెనుకడుగుగా వర్ణించినవారున్నారు. మీటర్‌గేజ్ అనుభవం దృష్ట్యా చూచినచో ఇది వివేకవంతమైన నిర్ణయమే. మన అవసరం ప్రమాణంలో చేరినది, మన ఫోను మాత్రం ప్రపంచానికి వేరుపడలేదు.

ఓపెన్ రాన్ విషయంలో అతిగా ఆశించుట కూడా తగదు. 2023 డిసెంబరులో, వ్యవస్థాపక సభ్యులలో ఒకటైన ఏటీ అండ్ టీ, ఓపెన్ రాన్ పేరుతోనే సుమారు 1,400 కోట్ల డాలర్ల ఒప్పందాన్ని ఎరిక్‌సన్ అనే ఒకే పెద్ద సంస్థకు ప్రధానంగా అప్పగించినది. వివిధ కంపెనీల భాగాలు కలిపినపుడు లోపం తలెత్తితే బాధ్యత ఎవరిదన్నది తేలుట కష్టం కావడం దీనికి ఒక కారణం. మరోవైపు బీఎస్‌ఎన్‌ఎల్ స్వదేశీ 4జి నెట్‌వర్కును ప్రధానమంత్రి 2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రారంభించారు. అందులో కేంద్ర భాగం సి-డాట్‌ది, రేడియో తేజస్ నెట్‌వర్క్స్‌ది, అనుసంధాన బాధ్యత టీసీఎస్‌ది. రెండు వేరు సంస్థల భాగాలు కలిసి పనిచేయుటకు మధ్యనున్న ప్రమాణం బహిరంగమగుటయే ఆధారం. కలిపే బాధ్యతను ఒకరికి స్పష్టంగా అప్పగించిన విషయం కూడా గమనించవలెను.

కనుక టెండరు పత్రంలో ‘బహిరంగ ప్రమాణాలకు అనుగుణంగా’ అన్న ఒక్క వాక్యం చాలదు. ఏ రిలీజ్, ఏ సంధానం, రెండవ కంపెనీ పరికరంతో కలిపి పరీక్షించినారా, లోపానికి జవాబుదారీ ఎవరు అన్నవి విడివిడిగా ఉండవలెను. విశ్వసనీయ వనరు అనుమతి, టెలికాం ఇంజనీరింగ్ కేంద్రం తప్పనిసరి ధ్రువీకరణ వీటికి అదనం. ఓపెన్ రాన్ అయినంత మాత్రాన వీటి నుండి మినహాయింపు లేదు.

పాతబస్తీకి సంబంధించి మరొక ఇబ్బంది కూడా కలదు. చిన్న రేడియో పెట్టెకు వీలైనంత వరకు ఫైబరు కేబులు కావలెను. 2025 ఆగస్టులో ఊరేగింపుల సందర్భంగా విద్యుదాఘాతంతో మరణాలు సంభవించిన తరువాత, నగరంలో విద్యుత్ స్తంభాలపై వేలాడే కేబుళ్లను పెద్ద ఎత్తున తొలగించారు. ప్రాణరక్షణ విషయంలో రాజీకి తావు లేదు. అయితే కేబులుకు భూగర్భ మార్గం చూపనిదే ఏ ప్రమాణమైనను ఇరుకు సందులో పనిచేయదు. 2025 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన కేంద్ర మార్గాధికార నియమాలు ఇట్టి అనుమతుల విధివిధానాలను నిర్దేశించుచున్నవి.

త్రీజీపీపీకి చెందిన నెట్‌వర్కు నిర్మాణ, భద్రతా కార్యవర్గాలు 2024 అక్టోబరు 14 నుండి 18 వరకు హైదరాబాద్‌లోనే సమావేశమైనవి. 2030 నాటికి రాగల 6జి నియమాలను వ్రాయవలసినది ఇదే వేదిక. గ్రామీణ 6 కిలోమీటర్ల నియమం ప్రపంచ ప్రమాణంలో చేరినది, ఎవరో కొలిచి, వ్రాసి, సమర్పించినందువలననే. రంజాన్ రాత్రులలో చార్మినార్ వద్ద, మొహర్రం పదవ రోజున బీబీ కా అలావా ఊరేగింపులో, లాల్‌దర్వాజ బోనాలలో ఇరుకు దారులలో ఎంత జనం చేరునో, ఏ గంటకు ఫోనులు మూగబోవునో పోలీసు, నగరపాలక, టెలికాం సిబ్బందికి ఏటా అనుభవమే. ఆ వివరాలను అంకెలుగా నమోదు చేసి ఐఐటీ హైదరాబాద్ వంటి సంస్థలకు అందజేసినచో, టీఎస్‌డీఎస్‌ఐ ద్వారా ప్రతిపాదన పంపుటకు ఇంకను వ్యవధి ఉన్నది.