వైస్ సిటీలో ముందే వండిపెట్టిన వెలుగు

వైస్ సిటీ అనగానే ముప్ఫై ఏళ్లలోపు కుర్రాళ్లకి గుర్తొచ్చేవి ఏమిటి? నీలం చొక్కా హీరో, బైకు, ట్యాంకు, నోటికొచ్చిన చీట్ కోడ్లు. సరే, అసలు కథేంటో చెప్పమనండి. చాలామంది తల గోక్కుంటారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. నెట్ సెంటర్లో గంటకింత అని కడుతున్నప్పుడు ఎవరో ఇద్దరు నిలబడి ఇంగ్లిష్‌లో మాట్లాడుకునే సీన్ చూస్తూ కూర్చోవడం ఎవరికి ఇష్టం? సీన్ మొదలవగానే బటన్ నొక్కి దాటేయడమే. ఆటలో మన చేతిలోంచి కంట్రోల్ లాక్కుని సినిమాలా నడిచే ఆ ముక్కలనే కట్‌సీన్లు అంటారు. కథంతా ఉండేది వాటిలోనే. అంటే మన దగ్గర ఒక తరం మొత్తం ఆ ఆటని కథ లేకుండానే ఆడేసింది.

మాది చోడవరం. నేను ఆ ఆట ఆడే రోజులకి విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాం. మా పెదనాన్నగారి అబ్బాయి, అంటే మా అన్నయ్య, వైస్ సిటీలో మొనగాడు. వాడు ఆడుతుంటే పక్కన స్టూలేసుకుని చూడ్డానికి పిల్లలు పోటీ పడేవారు. తెలుగు మీడియంలో పది చదివి, సీజన్లో గోవాడ ఫ్యాక్టరీకి చెరకు ట్రాక్టర్ తోలాడు. రెండేళ్ల కిందట ఒకరోజు ఉన్నట్టుండి అడిగాడు: "ఒరే, ఇంజినీరూ! ఆ సోనీగాడు ఫోన్లో అన్నిసార్లు తిడతాడు కదా, ఇంతకీ ఆడికి మనోడు ఏటి బాకీరా?"

ఆ ప్రశ్నతోనే నా శని, ఆదివారాలు పోయాయి. కొన్ని కట్‌సీన్లని తెలుగులో మళ్లీ కట్టి, అన్నయ్య పాత కంప్యూటర్లో ఆడేలా చెయ్యాలని మొదలుపెట్టాను. ఆ కంప్యూటర్లో ర్యామ్ 2 జీబీ, గ్రాఫిక్స్ కార్డు లేదు. ఇలా ఆటని మనకి కావలసినట్టు మార్చుకోవడాన్ని మోడింగ్ అంటారు.

పాత ఆటే ఎందుకు?

స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ఉండే రాక్‌స్టార్ నార్త్ సంస్థ ఈ ఆటని తయారుచేసింది. 2002 అక్టోబర్‌లో ప్లేస్టేషన్ 2 మీద, 2003 మేలో కంప్యూటర్ల మీదకి వచ్చింది. మయామీని తలపించే ఊరు, కాలం 1986. 2021 నవంబర్‌లో దీన్నే కొత్త హంగులతో మళ్లీ విడుదల చేశారు. దానికి కనీసం 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు కావాలి. పాతదానికి 128 ఎంబీ ర్యామ్ చాలు. అన్నయ్య లాంటివాళ్ల ఇళ్లలో నడిచేది ఆ పాతదే.

అయితే ఆ పాతదాంట్లో గదులు ఇప్పటి కంటికి వెలవెలబోతూ ఉంటాయి. దీపం ఉంటుంది గానీ దాని వెలుగు గోడ మీద పడినట్టు అనిపించదు. లాయర్ కెన్ రోసెన్‌బర్గ్ ఆఫీసు గదిలో జరిగే సీన్ మళ్లీ కడుతున్నప్పుడు, ముందు ఆ వెలుగు సంగతి చూడాల్సి వచ్చింది.

వెలుగుని వండడం

నిజం గదిలో వెలుగు బల్బు నుంచి మాత్రమే రాదు. గోడకి తగిలి, నేలకి తగిలి, మళ్లీ మన మీద పడుతుంది. పసుపు రంగు గోడ పక్కన తెల్లచొక్కాతో నిలబడి చూడండి, చొక్కాకి లేతగా పసుపు అంటుతుంది. ఈ తగిలి తిరిగొచ్చే వెలుగుని లెక్కగట్టే పద్ధతిని 1984లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు కంప్యూటర్ గ్రాఫిక్స్‌లోకి తెచ్చారు. దాని పేరు రేడియోసిటీ. లెక్క చాలా పెద్దది. ఆట నడుస్తూ ఉండగా సెకనుకి 30 బొమ్మలు గీయాల్సిన కంప్యూటర్ ఆ లెక్క చెయ్యలేదు.

దీనికి 1996లో క్వేక్ ఆటతో ఐడీ సాఫ్ట్‌వేర్ సంస్థ ఒక దారి చూపించింది. ఇల్లు కదలదు, దీపం కదలదు. మరి లెక్క ప్రతిసారీ ఎందుకు? ఆట తయారుచేసేటప్పుడే ఒక్కసారి లెక్కగట్టి, ఏ గోడ మీద ఎక్కడ ఎంత వెలుగు పడుతుందో ఒక చిన్న బొమ్మగా దాచేస్తే పోలా? ఆడేటప్పుడు ఆ బొమ్మని గోడ రంగు మీద పరిస్తే సరి. ఆ బొమ్మే లైట్‌మ్యాప్. అది తయారుచేయడాన్ని బేకింగ్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే ముందే వండిపెట్టడం. మరుసటి ఏడాది వచ్చిన క్వేక్ 2లో రంగు దీపాలు, తగిలి తిరిగొచ్చే వెలుగూ కూడా చేరాయి.

వైస్ సిటీ మాత్రం ఆ దారిలో వెళ్లలేదు. ప్లేస్టేషన్ 2లో మొత్తం మెమరీ 32 ఎంబీ, బొమ్మల కోసం విడిగా ఇంకో 4 ఎంబీ. ఇప్పుడు ఫోన్లో తీసే ఒక్క ఫొటోయే అంత ఉంటుంది. ఊరు ఊరంతటికీ లైట్‌మ్యాపులు అందులో ఎక్కడ పడతాయి? పైగా ఆ ఊళ్లో పొద్దు పొడుస్తుంది, గుంకుతుంది. అందుకని గోడల మూలల్లో మాత్రమే వెలుగు ఎంతో రాసిపెట్టి, గంటగంటకీ మారే ఆకాశం రంగుని దానికి కలిపారు. 2004లో వచ్చిన శాన్ ఆండ్రియాస్‌లో రాత్రికి వేరే లెక్క కూడా చేర్చారు.

మూలల లెక్కతో ఒక చిక్కుంది. గోడకి మూలలు నాలుగే. గోడ మధ్యలో దీపం పెడితే, ఆ నాలుగు మూలలూ దానికి దూరమే. మధ్యలో వెలుగు ఎంతో ఆటకి తెలియనే తెలియదు, నాలుగు మూలల సరాసరి తీసి పూసేస్తుంది. గోడని 8 వరసలు, 8 నిలువులుగా ముక్కలు చేస్తే మూలలు 81 అవుతాయి. అప్పుడు కాస్త వెలుగు ఆనవాలు కనిపిస్తుంది.

నేను ఆ ఒక్క గదికి రెండో దారి పట్టాను. బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గదిని తెరిచి, వెలుగు లెక్కగట్టి, దాన్ని గోడ బొమ్మలోనే కలిపేశాను. ఒక గోడకి 512 నిలువు, 512 అడ్డం చుక్కల బొమ్మ అనుకోండి. మొత్తం 2,62,144 చుక్కలు. ఒక్కో చుక్క నుంచి 256 కిరణాలు పంపిస్తే 6.7 కోట్ల కిరణాలు. అవి మళ్లీ తగిలి తిరిగే లెక్క వేరే. తక్కువ పంపితే గోడంతా ఇసక చల్లినట్టు మచ్చలు వస్తాయి. అందుకే రాత్రి పడుకునే ముందు మొదలుపెట్టి, పొద్దున లేచి చూసుకునేవాణ్ణి. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి. అమ్మ మాత్రం "ఏటిరా రాత్రంతా ఆ లాప్‌టాప్ గుయ్‌మంటాది" అని విసుక్కునేది.

ఇందులో నష్టం కూడా ఉంది. మామూలుగా ఒక చిన్న ఇటుక బొమ్మ ఉంటే దాన్నే పదిసార్లు పరిచి గోడంతా నింపేస్తారు. వెలుగు కలిపాక ఏ రెండు ఇటుకలూ ఒకేలా ఉండవు, కాబట్టి గోడ మొత్తానికీ సొంత బొమ్మ కావాలి. ఒక గదికైతే ఫర్వాలేదు గానీ, ఊరంతటికీ చేస్తే అన్నయ్య కంప్యూటర్ మొరాయిస్తుంది.

కెమెరాని మళ్లీ నడిపించడం

కట్‌సీన్ అంటే ఒకే వీడియో ఫైలు అని చాలామంది అనుకుంటారు. వైస్ సిటీలో అలా కాదు. కెమెరా ఏ క్షణానికి ఎక్కడుండాలో ఒకచోట, మనుషుల కదలికలు మరోచోట, మాటలు ఇంకోచోట ఉంటాయి. ఆట వాటిని అప్పటికప్పుడు కలిపి నడిపిస్తుంది. అందుకే మనం మార్చుకోగలం.

మార్చడం ఎందుకంటే, తెలుగు మాట ఇంగ్లిష్ షాట్‌లో పట్టదు. ఇంగ్లిష్‌లో క్రియ ముందే వచ్చేస్తుంది. మనకి చివర్లో వస్తుంది. "ఆ డబ్బు నువ్వు తేలేదు" అన్నప్పుడు అసలు దెబ్బ "తేలేదు" దగ్గర ఉంది. ఇంగ్లిష్ లెక్క ప్రకారం కెమెరా "డబ్బు" దగ్గరే ఎదుటివాడి మొహం మీదకి వెళ్లిపోతే, వాడు ఇంకా వినని మాటకి ఉలిక్కిపడినట్టు ఉంటుంది. అందుకని ప్రతి షాట్‌నీ ఫ్రేముల్లో కొలిచాను. సెకనుకి 30 ఫ్రేములు, నాలుగు సెకన్ల షాట్ అంటే 120. తెలుగులో దానికి 150 కావాల్సి వస్తే, కెమెరాని ఆ మేరకు ఆపి, కదలికల్ని కూడా సాగదీయాలి. మరీ సాగదీస్తే మనిషి నీళ్లలో నడిచినట్టు ఉంటాడు. అలాంటిచోట కదలిక జోలికి పోకుండా మాటలే తగ్గించాను. మన డబ్బింగ్ రచయితలు రోజూ చేసే పని ఇదే.

ఒత్తులు పెట్టలేని ఆట

గొంతులిచ్చింది మా పిల్లలే గనక కొన్నిచోట్ల మాట స్పష్టంగా లేదు. కింద తెలుగులో అక్షరాలు వేద్దామనుకున్నాను. ఇక్కడ అసలు గోడ అడ్డొచ్చింది. ఈ ఆటలో అక్షరాలన్నీ ఒక బొమ్మలో గళ్లు గళ్లుగా ఉంటాయి. ఒక్కో గడి కత్తిరించి, ఎడమ నుంచి కుడికి వరసగా పేర్చడం తప్ప దానికి ఇంకేం రాదు. ఇంగ్లిష్‌కి అది చాలు. మనకి గుణింతం పైన, ఒత్తు కింద. "స్త్రీ" అనే ఒక్క మాట రాయాలంటే స కింద త, దాని పక్కన ర, పైన ఈకారం. ఆ ఆటకి కిందా పైనా అనేదే తెలియదు.

అప్పుడు లైట్‌మ్యాప్ పాఠమే పనికొచ్చింది. ఆడేటప్పుడు చెయ్యలేని పనిని ముందే చేసి పెట్టాలి కదా! ప్రతి వాక్యాన్నీ కొత్త కంప్యూటర్లో చక్కటి తెలుగు ఫాంట్‌తో బొమ్మగా గీయించి, సమయానికి తెర కింద ఆ బొమ్మ చూపించే చిన్న స్క్రిప్ట్ రాశాను. పాత ఆటకి అది అక్షరమని తెలియదు, బొమ్మ అనుకునే చూపిస్తుంది. చదివేవాడికి మాత్రం ఒత్తుతో సహా తెలుగే.

ఎవరి సొత్తు?

ఇది చేసేవాళ్లు ఒకటి మనసులో పెట్టుకోవాలి. ఆట మనది కాదు. ఈ ఆట ప్రోగ్రామ్‌ని కొందరు ఔత్సాహికులు విడదీసి మళ్లీ రాసి ఇంటర్‌నెట్‌లో పెడితే, హక్కుదారు టేక్-టూ సంస్థ 2021 ఫిబ్రవరిలో తీయించింది, అదే ఏడాది సెప్టెంబర్‌లో కోర్టుకి కూడా వెళ్లింది. కొత్త హంగుల విడుదలకి ముందు పాత ఆటల్ని ఆన్‌లైన్ దుకాణాల్లోంచి తీసేశారు. ఆ కొత్తదాంట్లో బోర్డుల మీది అక్షరాలు కూడా తప్పులతో వచ్చాయని గోల జరిగాక సంస్థ క్షమాపణ చెప్పి, పాతవాటిని తన దుకాణంలో మళ్లీ పెట్టింది. అంటే మనం చిన్నప్పుడు ఆడిన ఆట ఎప్పటికీ అలాగే దొరుకుతుందన్న భరోసా లేదు. హక్కు వాళ్లది, జ్ఞాపకం మనది. అందుకే నేను ఆటని ఎవరికీ పంచను. అన్నయ్యకి అసలు కాపీ కొనిచ్చి, దాని మీద నా బొమ్మలు, నా లెక్కలు వేశాను.

అన్నయ్య అన్నీ చూశాడు. పదిహేనేళ్లు జైల్లో మగ్గి వచ్చిన టామీని సోనీ ఫోరెల్లీ వైస్ సిటీకి పంపడం, రేవులో బేరం చెడి డబ్బు పోవడం, ఆ డబ్బు కోసమే ఫోన్లో ఆ తిట్లు. చివర్లో పక్కనే తిరిగిన లాన్స్ వాన్స్ శత్రువు వైపు వెళ్లిపోయే సీన్ దగ్గర చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఈడి కోసం ఎన్ని మిషన్లు ఆడేనురా! అప్పుడే తెలిస్తే ఆణ్ణి ఆసుపత్రికి కూడా తీసుకెళ్లకపోదును."

గోడ మీద పడ్డ దీపం వెలుగు గురించి వాడేమీ అనలేదు. వెలుగు కుదిరితే ఎవరూ గమనించరు, కుదరకపోతేనే కంటికి గుచ్చుకుంటుంది. ఆరు కోట్ల కిరణాలకి అంతకు మించిన మెప్పు ఉండదు. పెద్ద కంప్యూటర్ ఉన్నవాడు రాత్రంతా లెక్క చేసిపెడితే, చిన్న కంప్యూటర్ ఉన్నవాడు పగలు హాయిగా చూసుకుంటాడు. బేకింగ్ అంటే అంతే. కంప్యూటర్ చదువుకునే పిల్లలు మీ ఇంట్లో ఉంటే, కొత్త మెషిన్ కొనమని అడిగే ముందు పాతదాంట్లో ఇలాంటిదొకటి కట్టి చూడమనండి. జ్యామితి, కాంతి, కథ, తెలుగు అన్నీ ఒక్క గదిలోనే దొరుకుతాయి.