పక్షులపై విషప్రయోగమునకు అనుమతి దొరకునా?

పుష్యమాఘములలో వరి పాలుపోసికొను వేళకు అల్లూరు ప్రాంతపు చేలపై గిజిగాండ్రు, జీనువాయిలు, చిలుకలు గుంపులుగా వ్రాలుట రైతు లెల్లరు నెఱిగినదే. సముద్రపు వైపున రొయ్యల గుంటలవారికి కాకులతోను, నీటికాకులతోను తగవు. సంఘము తరఫున అర్జీ పెట్టి మందు చల్లుటకు సర్కారు అనుమతి తెప్పింపరాదా యని సభ్యు లడుగుట సహజము.

ఈ పనికి ఒక్క అనుమతి చాలదు. మొదట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము నెఱుగవలెను. తుపాకితో కాల్చుటయే వేట యని మనము తలంతుము; ఆ చట్టము విషము పెట్టుటను గూడ వేట యనియే చెప్పుచున్నది. నేరము రుజువైన మూడేండ్ల వఱకు ఖైదు, లక్ష రూపాయల వఱకు జుల్మానా, లేక రెండును పడవచ్చును. అయినను రైతునకు త్రోవ మూసివేయలేదు. రెండవ షెడ్యూలులోని జంతువు పైరునకు అపాయకరమైనచో, 11వ సెక్షను క్రింద రాష్ట్రపు ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి గాని, ఆయన అధికార మిచ్చిన ఉద్యోగి గాని కారణములు చూపి వ్రాతమూలముగా అనుమతి నీయవచ్చును. చిలుక ఆ షెడ్యూలులోనే యున్నది. కాకికి చట్ట మడ్డురాదని పెద్దలు చెప్పుమాట ఒకనాటిది. దానిని ఉపద్రవజంతువుగా నెంచిన ఐదవ షెడ్యూలు 2022 సవరణచే తొలగినది. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది.

అసలు చిక్కు మందుది. 1968 నాటి క్రిమిసంహారకముల చట్టము ననుసరించి ఏ మందు ఏ పైరుపై, ఏ చీడకు వాడవలెనో నమోదై డబ్బాపై చీటీలో నుండును. అటవీ యధికారి అనుమతి ఆ చీటీని మార్పజాలదు. ఆఫ్రికాలో కెలియా పిట్టల గుంపులపై ప్రభుత్వములే ఫెంథియాన్ చల్లించినవి. పిట్టలతోపాటు డేగలు, గుడ్లగూబలును చచ్చినవి. మనదేశమున ఆ మందును 2018లో నిషేధించిరి. గుడ్లగూబ చచ్చిన లాభపడునది ఎలుక. గట్లు త్రవ్వు ఎలుకతో వేగుచున్న మన డెల్టా రైతున కిది వేఱుగ చెప్పనక్కఱలేదు. విషపుగింజ తిన్న పిట్ట కాలువలో బడిన, ఆ నీరు పసులును త్రాగును.

కావున అర్జీ పెట్టదలచినవారు విషమును గోరక, చేను చూచి తగిన అనుమతి నిమ్మని గోరుట మేలు. సర్వే నంబరు, విస్తీర్ణము, పక్షి పేరు, నష్టపడిన దినములు, అంతవఱకు చేసిన కాపుదల వ్రాసి, ఛాయాచిత్రములు జతపఱచవలెను. "పిట్టలు తినుచున్నవి" యను ఒక్కమాట అర్జీకి జవాబు రాకున్న ఆశ్చర్యము లేదు.

ఈలోపల ఒకవైపు ఎఱుపు, ఒకవైపు వెండిరంగు గల మెఱుపు రిబ్బనును రెండు మూడు మెలికలు త్రిప్పి, ఉత్తరదక్షిణముగ పైరుకంటె కొంచె మెత్తున వెదురుకఱ్ఱలకు కట్టవలెను. గాలికి మ్రోగుచు ఎండకు మెఱయు దానికి పిట్టలు బెదరును. పాలుపోసికొనక మునుపే కట్టవలెను. రుచి మరగిన గుంపును మరలించుట కష్టము.